ఊడదీయకండి, అది ఎదురుచూస్తోంది

ప్రశ్న: మా చిన్న సంస్థ లాప్‌టాప్ మదర్‌బోర్డు రూపొందిస్తోంది. మొదటి విడతగా 5 నమూనా బోర్డులు వచ్చాయి. ఒకదానికి 19 వోల్టులు ఇస్తే 20 మిల్లీఆంపియర్లు తీసుకుని ఊరుకుంటోంది. పవర్ బటన్ నొక్కినా చలనం లేదు. ప్రాసెసర్ కోర్ లైనుకూ (ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే దారి) గ్రౌండుకూ మధ్య మీటర్ పెడితే ఒక ఓం కూడా చూపడం లేదు. షార్ట్ అయిందనీ, ప్రాసెసర్ ఊడదీద్దామనీ మా సీనియర్ అంటున్నారు. మీరేమంటారు?
— ఒక ఇంజినీరు, కుషాయిగూడ

జవాబు: వద్దు. మీ సీనియర్‌కు కోపం వచ్చినా సరే, వద్దు.

ఒక వోల్టు అటూ ఇటూగా పదుల ఆంపియర్లు మింగే లైను అది. అక్కడ ఓం లోపు కనిపించడం వింత కాదు. అదే అంకె 3.3 వోల్టుల లైనులో కనిపిస్తే నేనూ కంగారుపడేవాణ్ణి. ముందు మీటర్ ముళ్లు రెండూ ఒకదానికొకటి తాకించి చూడండి. తీగల నిరోధమే కాస్త కనిపిస్తుంది, దాన్ని తీసేయండి. తర్వాత మిగతా 4 బోర్డులనూ అదే చోట కొలవండి. ప్రాసెసర్ అతికించని బోర్డు ఒకటి దొరికితే మరీ మంచిది. దానిలో అంకె పెద్దగా ఉండి, అతికించిన అయిదింటిలోనూ ఒకేలా తక్కువగా ఉంటే అది ప్రాసెసర్ స్వభావమే.

అసలు కోర్ లైను వంతు వచ్చేది చివర్లో. మీ బోర్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెరట్లో దొంగను వెతికి లాభమేమిటి?

20 మిల్లీఆంపియర్లు తీసుకుంటోందంటే లోపల ఎవరో మేలుకునే ఉన్నారు. కాబట్టి వరుసగా వెళ్లండి. గడియారపు బ్యాటరీ 3 వోల్టులు ఇస్తోందా? ఎప్పుడూ ఉండవలసిన 3.3, 5 వోల్టులు వచ్చాయా? గడియారాన్ని నడిపే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఆడుతోందా? ఇక్కడ జాగ్రత్త: ఆసిలోస్కోప్ ప్రోబు ఆనించగానే దాని కెపాసిటెన్స్ భారానికి క్రిస్టల్ ఆగిపోవచ్చు. ఆ భారం తగ్గేలా ప్రోబును 10 రెట్ల (10X) అమరికలో పెట్టి చూడండి. ఆ తర్వాత ఎంబెడెడ్ కంట్రోలర్, అంటే పవర్ బటన్ మాట వినే చిన్న చిప్. దానిలో ప్రోగ్రామ్ ఎక్కించారా? నవ్వకండి, కొత్త బోర్డుల్లో ఆ ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్ చిప్ ఖాళీగా ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బటన్‌కు పలకకపోతే, బల్ల మీద ఏమేమి ఉన్నాయో చూడండి. చర్లపల్లిలో పనిచేసే రోజుల్లో ఇలాంటి బోర్డు ఒకటి నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. వోల్టులన్నీ ఉన్నాయి, బటన్ సంకేతం కంట్రోలర్ దాకా చేరుతోంది, అది మాత్రం ముందుకు పంపదు. మరలు దొర్లిపోకుండా కోఠి గుజరాతీ గల్లీలో కొన్న అయస్కాంతపు గిన్నె ఒకటి బోర్డు పక్కనే ఉండేది. మూడో రోజు ఎవరో టీ గ్లాసు పెట్టుకోవడానికి దాన్ని అవతలికి జరిపారు. తర్వాత బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది! మూత మూసి ఉందో తెరిచి ఉందో కనిపెట్టే హాల్ సెన్సర్ బోర్డు అంచునే ఉంది. గిన్నె అయస్కాంతాన్ని చూసి అది మూత మూసే ఉందనుకుంది. మూత మూసిన లాప్‌టాప్‌లో బటన్ మాట వినకూడదని మేమే ప్రోగ్రామ్ రాశాం. ఆ రెండు రోజులూ నేను తిట్టింది చిప్‌సెట్‌ను.

మీ బోర్డులో సెన్సర్ వేరే చిన్న బోర్డు మీద ఉండి, దాన్ని ఇంకా తగిలించకపోతే, ఆ లైను గాలిలో వేలాడుతున్నట్టే. దాన్ని వోల్టుల వైపు లాగాలో గ్రౌండు వైపు లాగాలో డ్రాయింగులో చూసి, ఒక రెసిస్టర్ అతికించండి.

ప్రశ్న: ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగానే ఉంది. ఎంతసేపు ఆగాలి?
— ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: డీడీఆర్5 మెమరీ అయితే మొదటిసారి ట్రైనింగ్‌కే, అంటే మెమరీతో ప్రాసెసర్ లయ కుదుర్చుకోవడానికే, కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ సమయంలో పవర్ తీస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. బోర్డు ఏ దశలో ఉందో చెప్పే పోర్టు 80 అంకెలు డీబగ్ కార్డు మీద చూడండి. ఒకే అంకె దగ్గర నిమిషం ఆగినా ప్లగ్ జోలికి పోకండి.