చంటిపిల్లల టీకా మూత్రాశయంలో ఏం చేస్తుంది?

ప్రశ్న: మా మామగారికి 62 ఏళ్లు. మూత్రంలో రక్తం పడుతోందని విశాఖపట్నం తీసుకెళితే, మూత్రాశయం లోపొరలో కేన్సరు గడ్డ ఉందని చెప్పి దాన్ని తీసేశారు. ఇప్పుడు వారానికొకసారి గొట్టం ద్వారా బీసీజీ ఎక్కిస్తున్నారు. పుట్టిన పిల్లలకు వేసే క్షయ టీకా కేన్సరుకెలా పనికొస్తుంది? దీనివల్ల నేచురల్ కిల్లర్ కణాలు చురుకవుతాయని డాక్టరుగారు అన్నారు. ఆ కణాలను పెంచే పొడి ఉందని, కొనమని తెలిసినవారొకరు పోరుపెడుతున్నారు. మందు ఎక్కించిన రాత్రి ఆయనకు ఒళ్లు వెచ్చబడుతోంది. మంచికేనా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అది ఆ టీకాయేనమ్మా. పశువులకు క్షయ కలిగించే సూక్ష్మజీవిని బలహీనపరచి తయారుచేసిన బీసీజీని 1921లో తొలిసారి మనిషికిచ్చారు. మూత్రాశయ కేన్సరుకు అది పనికొస్తుందని కెనడాలో ఆల్వారో మొరాలెస్ 1976లో వెల్లడించారు.

బీసీజీ చేసే ముఖ్యమైన పని శరీరాన్ని మేల్కొల్పడం. ఆ సూక్ష్మజీవులు లోపొరకు అంటుకోగానే అక్కడి కణాలు, వాటి వెంట చేరిన తెల్లకణాలు సైటోకైన్లు అనే ప్రొటీన్లను వెలువరిస్తాయి. ఒక కణం మరో కణానికి పంపే కబుర్లు ఇవే. వాటిని అందుకునేవాటిలో, చెడిన కణాలను చంపే తెల్లకణాలైన నేచురల్ కిల్లర్ కణాలు ముఖ్యమైనవి. ఆరోగ్యంగా ఉన్న కణాలు తమ ఉపరితలంపై ఒక గుర్తింపు ప్రొటీన్‌ను ప్రదర్శిస్తాయి. టీ కణాలనే మరో రకం తెల్లకణాల కంటబడకుండా కొన్ని కేన్సరు కణాలు దాన్ని దాచేస్తాయి గాని, ఆ గుర్తు లేకపోవడమే కిల్లర్ కణాలకు ఆనవాలవుతుంది.

అయితే కబురందని కిల్లర్ కణం మందకొడిగా ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-15 లేకపోతే అది సరిగా ఎదగదు, ఎక్కువకాలం బతకదు. ఈ సైటోకైన్‌ను సాధారణంగా వేరొక కణం తన ఉపరితలంపై పట్టుకొని, చేతికందించినట్టు కిల్లర్ కణానికి చూపిస్తుంది. అప్పుడు లోపల జాక్ ఎంజైములు స్టాట్-5 అనే ప్రొటీన్‌ను ఉత్తేజపరచగా, అది కేంద్రకంలోకి వెళ్లి ఆ కణం మనుగడకు, దాడికి కావలసిన జన్యువులను పనిచేయిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-12, 18 తోడైతే కిల్లర్ కణం గామా ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేసి ఇతర రక్షక కణాలనూ రంగంలోకి దించుతుంది. గడ్డ కూడా ఊరుకోదు. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్‌తో వీటిని జోకొడుతుంది.

కాబట్టి విషయం కణాల లెక్కలో లేదు, వాటికి ఏ కబురు ఏ చోట అందిందన్నదానిలో ఉంది. అమెరికాలో 1992లో మూత్రపిండ కేన్సరుకు అనుమతి పొందిన ఇంటర్‌ల్యూకిన్-2 కిల్లర్ కణాలను రెచ్చగొట్టగలదు. కాని పెద్ద మోతాదులో రక్తనాళాల నుంచి ద్రవం కారి రక్తపోటు పడిపోయేది, పైగా రోగనిరోధకతను అదుపుచేసే కణాలు కూడా పెరిగేవి. బీసీజీకి లొంగని కొందరికి, దానితోపాటే మూత్రాశయంలోకి ఎక్కించే ఇంటర్‌ల్యూకిన్-15 తరహా మందుకు 2024లో అక్కడే అనుమతి లభించింది. కేన్సరును నయం చేస్తుందని రుజువైన పొడి మాత్రం ఏదీ లేదు. ఆ డబ్బు విశాఖ ప్రయాణానికి ఉంచుకోండి.

మామగారికి చుట్ట అలవాటుంటే మాన్పించండి. చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగతో అంగిలికి కేన్సరు వస్తుందని మన సిక్కోలులో చాలామందికి తెలుసు గాని, మూత్రాశయ కేన్సరుకూ పొగాకే ప్రధాన కారణమన్నది అంతగా తెలియదు.

ఇక జ్వరం. ఒకటి రెండు రోజులు కాస్త వెచ్చబడటం, మూత్రంలో మంట సాధారణంగా ఈ సైటోకైన్ల వల్లనే. అవి లేనంతమాత్రాన మందు పనిచేయలేదని కాదు. చలితో వణుకు వచ్చినా, తీవ్రమైన జ్వరం కాసినా, రెండు రోజులు దాటినా బీసీజీ రక్తంలోకి చేరి ఉండవచ్చు కనుక, తర్వాతి మోతాదు తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి, బీసీజీ ఎక్కిస్తున్న సంగతి ముందుగా చెప్పండి.