బాలామృతం ఒక్కటి చాలదా, టీచరమ్మా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నా బిడ్డకు 14 నెలలు. నేనూ మా ఆయనా పత్తి ఏరడానికి పోతే మా అత్తమ్మ చూసుకుంటుంది. పాప ఏడిస్తే ఫోన్ చేతికిస్తుంది. అంగన్‌వాడీ టీచర్ ఇంటికొచ్చి గిన్నెలు ముందేసి ఆడిస్తుంది, పాపతో బాగా మాట్లాడమని చెప్పిపోతుంది. "సెంటర్‌లో బాలామృతం పిండి ఇస్తున్నారు, చాలు. ఇంత చిన్నపిల్లకు ఏం తెలుస్తుంది? మూడేళ్లు నిండినంక పంపుదాం" అంటుంది అత్తమ్మ. పైగా ఇంట్లో మాది లంబాడీ, టీచర్‌ది తెలుగు. రెండు భాషలతో పాపకు మాటలు ఆలస్యమవుతాయేమోనని నాకు టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: బిడ్డా, పాలమూరు జిల్లాలో 31 ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను. మొదటి పదేళ్లు నేనూ మీ అత్తమ్మలాగే అనుకున్నాను. మూడేళ్లలోపు పిల్లలంటే నాకు తూకం వేయడం, సూదిమందు రోజు గుర్తుచేయడం, పిండి పంచడం. అంతే. ఆటా పాటా మూడేళ్లు దాటినవాళ్లకే అనుకునేదాన్ని.

అప్పుడు మా సెంటర్ పరిధిలో ఒక బాబు ఉండేవాడు. 20 నెలలు. బొద్దుగా ఉండేవాడు, తూకంలో ఎప్పుడూ తగ్గలేదు. పిలిస్తే మాత్రం తిరిగేవాడు కాదు. మగపిల్లలకు మాటలు లేటేనని వాళ్ల నాయనమ్మ అన్నది, నేనూ అవునన్నాను. వాడికి నాలుగేళ్లు వచ్చాక తేలింది, చెవులు వినపడవని. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రెండేళ్లలో వాడికి చెవి మిషన్ పెట్టించే వీలుండింది, నా చూపే తూకం ముల్లు దాటలేదు. ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా పిల్ల వెనక కూర్చుని గంటెతో పళ్లెం మీద ఒక్కటి కొట్టి చూసేదాన్ని. నువ్వూ ఈ రాత్రే చేసి చూడు. పాప తిరిగి చూడాలి.

ఇక బాలామృతం చాలదా అన్న మాట. అది తప్పక పెట్టాలి. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, 16 గుడ్లు వచ్చేది ఆ చిన్నదాని కోసమే. పెద్దపిల్లలకు కూడా పంచితే పది రోజుల్లో అయిపోతుంది, చాలా ఇళ్లలో చూశాను. అయితే తిండి ఒక్కటే ఏం చేయగలదో, ఏం చేయలేదో తేల్చిన పరిశోధన ఒకటుంది. జమైకా దేశంలో, కింగ్‌స్టన్ పట్నంలో, 1986-87లో మొదలుపెట్టారు. వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసిపిల్లలను తీసుకున్నారు. అందరూ 9 నుంచి 24 నెలల వాళ్లే. కొందరికి పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి పోయి, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలు పెట్టి, పిల్లతో ఎట్లా ఆడాలో తల్లికి గంటసేపు చూపించారు. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు ఇట్లా జరిగింది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆటలు అందినవాళ్ల సంపాదన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ ఉంది. ఉత్త ఆహారం మాత్రమే అందినవాళ్లలో అంతకాలం నిలిచిన తేడా కనపడలేదు.

మీ టీచర్ గిన్నెలు పట్టుకొచ్చేది అందుకే. 2024లో కేంద్రం 'నవచేతన' పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా ఏ నెలలో ఏం ఆడించాలో 140 ఆటలతో ఒక పద్ధతి తెచ్చింది. దానికి పెద్ద ఖర్చేం లేదు. రెండు స్టీల్ గ్లాసులు, మూత ఉన్న డబ్బా, గింజలు ఒలిచిన మక్క బెండు చాలు. పల్లికాయలు మాత్రం దగ్గర పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

అసలు పని బొమ్మది కాదు, ఎదురు మాటది. పాప "బా" అంటుంది. మీ అత్తమ్మ "బర్రెనా? అగో బర్రె!" అనాలి. అని ఆగాలి. ఆ ఆగడం చాలా ముఖ్యం బిడ్డా, పాప తన వంతు తీసుకోవడానికి సమయం ఇవ్వాలి. ఫోన్ ఎంతసేపైనా మాట్లాడుతుంది కానీ పాప "బా" అంటే దానికి వినపడదు. రెండేళ్లు నిండేదాకా ఫోన్, టీవీ చూపించకపోవడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒక్కసారిగా మాన్పించలేకపోతే ముందు బువ్వ తినిపించేటప్పుడు మానండి.

భాష గురించి భయం వద్దు. రెండు భాషలు విన్నంత మాత్రాన పిల్లలకు మాట ఆలస్యం కాదు. మా పక్క తండా సెంటర్‌లో టీచర్‌కు సాయం చేసే ఆయమ్మ లంబాడీ మనిషి. తెలుగులో పిలిస్తే మూలకు పోయి నక్కే పిల్లలు ఆమె ఒక్క మాటకు వచ్చి ఒళ్లో కూర్చునేవాళ్లు. అత్తమ్మకు వచ్చిన పాటలన్నీ లంబాడీలోనే పాడమను. పాపతో తనకు రాని తెలుగు మాట్లాడాల్సిన పనిలేదు. తెలుగు టీచర్ దగ్గర వస్తుంది.

14 నెలలకు పాప ఇంకా నడవకపోయినా కంగారు పడకు, 18 నెలల దాకా చూడవచ్చు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, నీ కళ్లలోకి చూడకపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా, నేర్చుకున్న మాట పోయినా ఆగొద్దు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఆ తేదీ టీచర్‌ను అడిగి, ఆ రోజు కూలి పోయినా సరే పాపను నువ్వే ఎత్తుకుపో. అనుమానం గట్టిగా ఉంటే ఆ తేదీ దాకా కూడా ఆగకుండా జిల్లా ఆసుపత్రికి రాయించుకో.

ఈ జవాబు అత్తమ్మకు చదివి వినిపించు. టీచర్ ఈసారి వచ్చినప్పుడు ఆమెను కూడా పక్కన కూర్చోమను. పగలంతా పాపతో ఉండేది ఆమే కదా.