నాలుగు కలుపు మొక్కలు చాలు

కావలి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన జాబితా చూశాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో యాంటీఆక్సిడెంట్ బలం, అంటే కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునే శక్తి, కొలవడానికి పదిహేను కలుపు మొక్కలా! నీకున్నది ఒక్క సెమిస్టరు. అందులో సగం, ఆకు సారం తీసే మెథనాల్ ఎప్పుడు వస్తుందా అని స్టోర్సు గుమ్మం దగ్గరే గడిచిపోతుంది. గంగపాయల కూర, గలిజేరు, గుంటగలగర, నేల ఉసిరి ఉంచుకుని మిగతావి కొట్టేయి. పదిహేనింటికీ ఒక్కో అంకె వేసి పట్టిక నింపడం ఎవరైనా చేస్తారు. ఏ నేలలో పెరిగింది, ఏ దశలో కోశావు, ఎలా ఆరబెట్టావు అనేవి తెలియని యాంటీఆక్సిడెంట్ అంకెతో ఎవరికీ పని లేదు.

వయ్యారిభామను తీసేయమన్నానని బాధపడకు. దానిలోని పార్థెనిన్ అనే రసాయనం చర్మానికి పడదు, చేతులు దద్దుర్లెక్కుతాయి. అయినా దాని ఆకు సారం కూడా, యాంటీఆక్సిడెంట్ బలం కొలవడానికి నువ్వు వాడబోయే డీపీపీహెచ్ అనే రసాయనపు ద్రావణంలోని ఊదా రంగును పోగొట్టగలదు. ఆ పరీక్షకు మంచి మొక్క, చెడ్డ మొక్క అనే తేడా లేదు, ఎలక్ట్రాన్ ఇచ్చేది ఏదైనా ఒకటే. కుప్పింటకూ ఇదే వర్తిస్తుంది. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లు దాన్ని తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పరీక్షలో అంకె బాగుంటే మొక్క మంచిదని కాదు, ఈ సంగతి మనసులో పెట్టుకునే మిగతాది చదువు.

మొక్కను గుర్తుపట్టడం దగ్గరే సగం ప్రాజెక్టులు చెడిపోతాయి. మన వైపు గలిజేరునూ అటికమామిడినీ కలిపేసి, రెండింటినీ పునర్నవ అనేస్తారు. పూత చూడు. గలిజేరు పువ్వుకు కాడ ఉండదు. ఆకు తొడిమ మొదట్లో ఉన్న తొడుగులో దాక్కుని ఉంటుంది. కణుపు దగ్గరి రెండు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అటికమామిడికైతే చిన్న గులాబీ పూలు పొడవైన కాడల చివర చిన్న గుత్తులుగా పూస్తాయి. కాయలు జిగటగా చీర అంచుకు అంటుకుంటాయి. నేల ఉసిరిలోనూ చిక్కుంది. రెమ్మ కింది కాయలు నున్నగా, సన్నని కాడకు వేలాడుతుంటే అది నీకు కావలసినది. కాయ గరుకుగా, కాడ లేకుండా రెమ్మకే అతుక్కుని ఉంటే అది వేరే జాతి. పూత, కాయ రెండూ ఉన్న కొమ్మను వేరుతో సహా తీసి, పాత పేపర్ల మధ్య నొక్కి, ఊరు, తేదీ, పొలంలో ఏ పంట ఉందో రాసిపెట్టు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం హెర్బేరియంలో దాచిన ఎండు మొక్కల నమూనాలతో పోల్చి చూపించుకుంటే వైవా రోజున ఎవరూ నిన్ను కదిలించలేరు.

ఎక్కడ కోయాలన్నది ఇంకా ముఖ్యం. మిరప, శనగ పొలాల్లో కలుపు మందు కొట్టని చోటు వెతకాలి. పెండిమిథాలిన్ లాంటి కలుపు మందు పడ్డ నేలలో బతికి బయటపడ్డ మొక్క ఆ దెబ్బకు తట్టుకుంటూ పెరిగినది, దాని రసాయనాలు మామూలు మొక్కలా ఉండకపోవచ్చు. రైతును అడిగి ఏ మందు ఎప్పుడు కొట్టాడో నోటు పుస్తకంలో రాసుకో. రోడ్డు పక్క, రొయ్యల చెరువు నీళ్లు వదిలే కాలువ పక్క ఊరకే కోయకు. ఉప్పు నేల ప్రభావం చూడాలనే కోస్తే మాత్రం అది వేరే సంగతి. నన్నడిగితే నీ ప్రాజెక్టుకు అసలు ప్రాణం అక్కడే ఉంది. గంగపాయలూ గలిజేరూ ఉప్పును బాగా ఓర్చుకుంటాయి. కొత్తపట్నం వైపు ఉప్పు ఇసుకలో ఒకసారి, టంగుటూరు దగ్గర నల్లరేగడిలో ఒకసారి, ఒకే వారంలో, ఒకే దశలో కోసుకురా. ఎండ, ఉప్పు, నీటి ఎద్దడి తగిలినప్పుడు ఆకులో కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి, వాటిని అణచడానికి మొక్క ఫినాళ్లు, ఫ్లేవనాయిడ్లు అనే యాంటీఆక్సిడెంట్ రసాయనాలను తయారు చేసుకుంటుంది. మొక్కలు వాటిని తయారు చేసుకునేది మన కోసం కాదు కదా! రెండు నేలల మధ్య తేడా వచ్చినా, రాకపోయినా చెప్పుకోదగ్గ ఫలితమే.

గుంటగలగరకు వరి గట్లు, కాలువ ఒడ్లు చూడు. ఈశాన్య ఋతుపవనం వానలు తగ్గాక వెళ్లు. కలుపు తీసే ఆడవాళ్లను అడిగితే ఏది ఎక్కడుందో నీకంటే ముందే చెబుతారు. గంగపాయలు, చెంచలి కూర ఏరి కొంగులో వేసుకుని పప్పులోకి తీసుకెళ్లేది వాళ్లే. కానీ పని మధ్యలో ఆపి మాట్లాడించకు, వాళ్ల కూలి పోతుంది. మధ్యాహ్నం అన్నాలు తినే వేళ కూర్చో.

కోసిన ఆకును సంచిలో కుక్కి నలపకు. నలిగిన చోట ఎంజైములు ఫినాళ్లను ఆక్సీకరించేస్తాయి. గుంటగలగర అయితే వేళ్లను కూడా నల్లగా చేస్తుంది. నీడలో, గాలి ఆడే చోట పలుచగా పరిచి ఆరబెట్టు. మిరపకాయల్లా కల్లంలో ఎండబెడితే నువ్వు కొలిచేది ఎండ చేసిన నష్టాన్నే. గంగపాయల కూరలో తొంభై శాతానికి పైగా నీరే, కిలో కోస్తే ఎండు పొడి వంద గ్రాములకు లోపే వస్తుంది. ఆరబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి దాన్ని పచ్చిగానూ ఒకసారి కొలువు. ఏ అంకె పచ్చి బరువు మీద, ఏది ఎండు బరువు మీద అన్నది ప్రతి పట్టిక తలమీదా రాయి.

డీపీపీహెచ్ 100 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 4 మిల్లీగ్రాములు చాలు. ఏ రోజుది ఆ రోజే కలుపుకో, వెలుగు తగలనీయకు. సారం కలిపాక చీకట్లో 30 నిమిషాలు ఉంచి 517 నానోమీటర్ల దగ్గర చూడాలి. మన వైపు ల్యాబుల్లో చాలామంది వదిలేసేది ఒకటుంది. ఆకు సారానికి దాని రంగు దానికుంది. డీపీపీహెచ్ లేకుండా సారం, మెథనాల్ మాత్రమే కలిపిన గొట్టాన్ని ప్రతి గాఢతకూ విడిగా కొలిచి తీసివేయకపోతే మొక్క బలం తక్కువగా కనిపిస్తుంది. పక్కన విటమిన్ సి ప్రమాణంగా పెట్టు. సగం రంగు పోగొట్టడానికి పట్టే గాఢతే ఐసీ50, అది ఎంత తక్కువైతే మొక్క అంత గట్టిది. మొత్తం ఫినాళ్లకు ఫోలిన్ పరీక్ష చేస్తావు కదా, అది విటమిన్ సితోనూ కొన్ని చక్కెరలతోనూ స్పందిస్తుంది. అందుకని పోలికకు వాడే ఫినాల్ పేరుతో ‘గాలిక్ ఆమ్లంతో సమానంగా ఇంత’ అని రాయి, ‘ఇందులో ఇన్ని ఫినాళ్లున్నాయి’ అని రాయకు.

చివరి అధ్యాయంలో ‘ఈ మొక్క కేన్సర్‌ను అడ్డుకోగలదు’ అనే వాక్యం కనబడితే నేను మిగతాది చదవను. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ అంకెల పట్టికను 2012లో తనంతట తానే తీసేసింది, గాజుగొట్టంలోని ఆ విలువలు ఒంట్లో జరిగేదాన్ని చెప్పవని. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. పొగాకు పండించే ఒంగోలు పక్క నుంచి వచ్చిన పిల్లవు, ఇది తెలియకుండా ఉండకూడదు. పప్పులో గంగపాయలు వేసుకు తినడం మంచిదే. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు మాత్రం తగ్గించుకోవాలి, ఆక్సలేట్లు ఎక్కువ.

మొదటి అధ్యాయం రాశాక పంపు. ‘ప్రాచీన కాలం నుంచి మానవుడు...’ అని మొదలుపెట్టావో, ఆ పేజీ ఎర్ర సిరాతో తిరిగి వస్తుంది. మీ నాన్నకు వీలుంటే మొక్కల ప్రెస్సు పట్టుకెళ్లమను, అటక మీద ఉంది.

మీ పెదనాన్న