ఆటల సర్వీసు బ్యాకెండ్ మారింది, మా ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఆగిపోయింది: మేమే సరిచేసుకోవచ్చా?

అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు, ముఖ్యంగా మాస్టర్స్ చదువుతున్నవారు, ఉద్యోగంలో చేరి ఒకటి రెండేళ్లయినవారు, ఈ మధ్య తరచుగా అడుగుతున్న సందేహం ఒకటుంది. "ఇక్కడికి వచ్చాక ఐస్ హాకీ, బేస్‌బాల్ చూడడం అలవాటైంది. చందా మా డబ్బుతోనే కడుతున్నాం. టీవీకి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తగిలించి, అందులో కోడీ అనే వీడియో ప్లేయర్ పెట్టుకుని, దానికి అదనంగా చేర్చుకునేలా ఎవరో రాసిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న) యాడ్-ఆన్ ద్వారా చూస్తున్నాం. ఉన్నట్టుండి ఒక రోజు లాగిన్ పనిచేయదు, లేకపోతే స్కోర్లు రావు. రాసినాయనకు తీరిక లేదు. ఆ కోడ్‌ను మేమే సరిచేయవచ్చా? చట్టంతోనో వీసాతోనో చిక్కు వస్తుందా?"

సరిచేయవచ్చు. అది చేయదగిన పని అని కూడా నా అభిప్రాయం. అయితే ఎంతవరకు అన్నది మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. మీరు అద్దె కట్టిన ఇంటికి వీధి గుమ్మం మూసి పెరటి గుమ్మం తెరిచారనుకోండి, ఆ దారి వెతుక్కుని లోపలికి వెళ్లడంలో తప్పు లేదు. యజమాని తాళం వేసుకున్న గదిని తెరవబోతే మాత్రం తప్పే. చందాదారుకు సర్వీసు ఇస్తున్నదాన్ని కొత్త దారిలో తెచ్చుకోవడం మీ పని. ఇవ్వనని చెప్పినదాని జోలికి పోకూడదు.

బ్యాకెండ్‌లో, అంటే సర్వీసు తెరవెనుక నడిచే సర్వర్లలో, ఈ మార్పులు ఎందుకొస్తాయో ముందు తెలుసుకుంటే విసుగు తగ్గుతుంది. అమెరికా బేస్‌బాల్ లీగ్ ఎంఎల్‌బీ తొలిసారి ఒక ఆటను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపింది 2002 ఆగస్టు 26న. అది యాంకీస్, రేంజర్స్ జట్ల మధ్య జరిగిన ఆట. ఆ తరువాత ఆ సర్వీసు బ్రౌజర్‌లో వీడియో చూపే సిల్వర్‌లైట్‌ను పట్టుకుంది, 2009 సీజన్‌కు దాన్ని వదిలి అలాంటిదే అయిన ఫ్లాష్‌కు మారింది, కాలక్రమంలో అదీ పోయి, వీడియోను చిన్న ముక్కలుగా పంపే ఈనాటి హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి వచ్చింది. లినక్స్ వాడే చందాదారులకు ఆ తొలి రోజుల్లో సరైన ప్లేయరే లేదు కనుక పైథాన్‌లో ఎంఎల్‌బీవ్యూయర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము పుట్టింది. బ్యాకెండ్ మారినప్పుడల్లా దాన్నీ మార్చుకుంటూ రావలసి వచ్చింది. హాకీలో హక్కుల బేరాలే ఇంత పనీ చేశాయి. హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 2015లో తన డిజిటల్ వ్యవహారాలను బేస్‌బాల్ వారి సాంకేతిక సంస్థకు అప్పగించింది. ఆ సంస్థనుంచి విడివడిన బామ్‌టెక్‌లో 2017లో డిస్నీకి మెజారిటీ వాటా దక్కింది. 2021లో అమెరికాలో ఆ లీగ్ ఇంటర్నెట్ చందా ప్రసారాలు ఈఎస్‌పీఎన్ ప్లస్‌కు వెళ్లాయి. ఎక్కడో ఒక ఒప్పందం మీద సంతకం పడితే మీ యాడ్-ఆన్‌లోని చిరునామాలన్నీ చెల్లకుండా పోతాయి.

అందువల్ల మొదట చూడవలసినది ఏ పొర విరిగిందన్నది. ఆటల పట్టిక, స్కోర్లు తెచ్చే భాగం వేరు, లాగిన్ వేరు, వీడియో వేరు. చాలామంది వీడియో రాలేదని నేరుగా ప్లేయర్‌ను అనుమానిస్తారు. తీరా చూస్తే పట్టిక ఖాళీగా వచ్చి ఉంటుంది, ఏ ఆటను అడగాలో ప్రోగ్రాముకు తెలియదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో సర్వీసు సొంత వెబ్‌సైటు ఏ చిరునామాకు ఏం పంపుతున్నదో, ఏం అందుకుంటున్నదో మీ సొంత ఖాతాతో చూడండి. అదే సమయంలో మీ యాడ్-ఆన్ లాగ్ (అది చేసిన పనులను రాసుకునే ఫైలు) తెరిచి రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవండి. పనిలో సగం అక్కడే అయిపోతుంది.

సమాచారపు పొర మారితే ఏమవుతుందో చెప్పడానికి 2023 నవంబరుకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఎన్‌హెచ్‌ఎల్ ఆ నెలలో తన పాత గణాంకాల సర్వర్‌ను మూసివేసి కొత్తదానికి మారింది. కొత్తదానికి లీగ్ అధికారికంగా పత్రాలు ప్రచురించలేదు. వాడుకరులే సర్వర్ జవాబులు చదివి రాసుకున్నారు. పాత సర్వర్ మీద ఆధారపడిన స్కోరుబోర్డులు, విశ్లేషణ ప్యాకేజీలు, హాబీ ప్రోగ్రాములు ఒకేసారి పడిపోయాయి. చిరునామా మారిస్తే సరిపోతుందని మొదలుపెట్టినవారికి అసలు పని ఆ తరువాతే కనిపించింది. పాతదానిలో జట్టును అంకెతో పిలిచేవారు, టొరంటో అంటే 10. కొత్తదానిలో మూడక్షరాల సంకేతం. పాతదానిలో పేరు నేరుగా పదంగా వచ్చేది. కొత్తదానిలో పేరు ఒక పెట్టెలో వస్తుంది, అందులో డిఫాల్ట్ అన్న అర కింద అసలు పేరు, అవసరమైన చోట ఫ్రెంచ్ రూపం విడిగా ఉంటాయి. "ఇప్పుడు" అన్న చిరునామాను అడిగితే సర్వర్ నేరుగా జవాబివ్వకుండా ఆ రోజు తేదీ ఉన్న చిరునామాకు దారి మళ్లిస్తుంది. దారి మళ్లింపును అనుసరించని ప్రోగ్రాముకు చేతికి ఏమీ రాదు.

వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది ఆట స్థితి. పాత సర్వర్ స్థూలంగా మూడు మాటలు చెప్పేది: ప్రివ్యూ, లైవ్, ఫైనల్. కొత్తది ఆటకు ఇంకా సమయం ఉందంటే ఫ్యూట్, కాసేపట్లో మొదలవుతుందంటే ప్రీ, నడుస్తుంటే లైవ్, ముగిశాక ఫైనల్, లెక్కలు ఖాయమయ్యాక ఆఫ్ అంటుంది. వీటి మధ్య క్రిట్ అని ఒకటుంది. హోరాహోరీగా సాగే ఆట ఆఖరి ఘట్టంలోకి వచ్చినప్పుడు లైవ్ స్థానంలో అది వస్తుంది. లైవ్ అన్న మాట కోసం మాత్రమే చూసే కోడ్ రెండు పీరియడ్లు చక్కగా నడిచి, స్కోరు సమంగా ఉన్న చివరి నిమిషాల్లో, అందరూ టీవీకి అతుక్కుపోయిన వేళ, ఆట లేదని చెబుతుంది. మధ్యాహ్నం ఒకసారి పరీక్షించి బాగుందనుకుంటే ఈ దోషం బయటపడదు. స్థితిని పోల్చే ప్రతిచోటా లైవ్, క్రిట్ రెండిటినీ ఒక గుంపుగా, ఫైనల్, ఆఫ్ రెండిటినీ మరో గుంపుగా చూడాలి. తెలియని కొత్త మాట వస్తే ప్రోగ్రాము కూలిపోకుండా లాగ్‌లో రాసి ముందుకు సాగాలి.

తేదీల సంగతి మనవారికి ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే భారతదేశంలో అంతటా ఒకే సమయం ఉంటుంది, ఇక్కడికి వచ్చేదాకా ఈ ఇబ్బంది మన అనుభవంలోకి రాదు. సర్వర్ సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయంలో, ఇస్తుంది. చలికాలంలో న్యూయార్క్‌లో రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆటకు యూటీసీలో అప్పటికి మరుసటి రోజు 0 గంటలు. యూటీసీ తేదీని బట్టి పట్టిక కట్టే కోడ్ ఈ రాత్రి ఆటను రేపటి కింద పడేస్తుంది. లీగ్ తన పట్టికలో ఇచ్చే ఆట తేదీని వాడండి, గంటను మాత్రం వాడుకరి ఉన్న చోటికి మార్చి చూపండి.

ఇక లాగిన్. ఒకప్పుడు పేరు, పాస్‌వర్డ్ పంపితే ఒక కుకీ (బ్రౌజర్ దాచుకునే గుర్తింపు చీటీ) వచ్చేది, దానితో రోజంతా గడిచేది. ఇప్పుడు చాలా సర్వీసులు ఓఆత్ అనే పద్ధతిలో కొద్దిసేపు చెల్లే టోకెన్ (అనుమతి చీటీ), దాన్ని పునరుద్ధరించే మరో టోకెన్ ఇస్తున్నాయి. మొదట బాగా నడిచి కొంతసేపటికి 401 (అనుమతి లేదు) అన్న జవాబు వస్తుంటే, పునరుద్ధరణ భాగం లేదనో కొత్త టోకెన్‌ను దాచుకోవడం లేదనో అర్థం. ఒక చిన్న విషయం చాలామందిని ఏడిపిస్తుంది: రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన బోర్డులలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, కరెంటు పోయి వచ్చాక నెట్ నుంచి సమయం అందేలోపు అది పాత తేదీలోనే ఉంటుంది, అప్పుడు సరైన టోకెన్‌ను కూడా చెల్లదని తోసిపుచ్చుతుంది. కోడ్‌ను తప్పుపట్టే ముందు గడియారం చూడండి. సర్వీసు గనుక టీవీ మీద అంకెలు చూపి ఫోన్‌లో నమోదు చేయమనే పద్ధతిని అందిస్తుంటే, పాస్‌వర్డ్‌ను యాడ్-ఆన్ చేతిలో పెట్టకుండా ఆ దారినే వెళ్లండి.

వీడియో దగ్గర గీత గీసుకోవాలి. హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఒక ప్లేలిస్ట్, దాని కింద వేర్వేరు నాణ్యతల ప్లేలిస్టులు, వాటి కింద కొన్ని సెకన్ల చొప్పున వీడియో ముక్కలు ఉంటాయి. 2017 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8216 అనే సాంకేతిక పత్రం దీన్ని వివరిస్తుంది, ఓపికగా చదవదగినది. మీ చందా టోకెన్ చూపితే సర్వర్ ప్లేలిస్ట్ ఇస్తున్నదంటే, హెడర్ (అభ్యర్థనతో పాటు పంపే వివరం) మారిందనో చిరునామా రూపం మారిందనో దాన్ని సరిదిద్దడం మామూలు పని. కానీ కొత్త బ్యాకెండ్ వైడ్‌వైన్ వంటి డీఆర్‌ఎం (కాపీ కాకుండా కాపాడే) తాళం వేసి ఉంటే, దాన్ని విప్పే సాధనాలు వెతకకండి. 1998లో వచ్చిన డీఎంసీఏ అనే అమెరికా కాపీరైట్ చట్టంలోని 1201 సెక్షన్ కాపీ హక్కు రక్షణను తప్పించడాన్నే నిషేధిస్తుంది. చందా కట్టానన్న మాట అక్కడ అక్కరకు రాకపోవచ్చు. కోడీలో లైసెన్సు పొందిన వైడ్‌వైన్ భాగాన్ని సక్రమంగా పిలిచే ఏర్పాటు ఉంది, అది పనిచేస్తే సరే, పనిచేయకపోతే బ్రౌజర్‌లోనే చూడండి. స్థానిక జట్టు ఆటలకు ఉండే బ్లాకవుట్‌ను (ఆ ప్రాంతంవారికి ఆటను చూపకుండా ఆపడం) దాటవేసే కోడ్‌ను కూడా ప్యాచ్‌లో, అంటే మీరు రాసే సవరణలో, చేర్చవద్దు. ఆ నిబంధన నాకూ నచ్చదు. అయినా మీ ప్యాచ్ దానితో కలిస్తే మొత్తం ప్రాజెక్టే పైరసీ సాధనంగా ముద్రపడుతుంది, నిజాయితీగా చందా కట్టినవారందరూ నష్టపోతారు.

కోడ్ సరిగా నడుస్తుందో లేదో చూసే పరీక్షల్లో ఏం రాస్తున్నామన్నది కూడా ముఖ్యం. 2020 అక్టోబరులో వీడియోలు దించుకునే యూట్యూబ్-డీఎల్ ప్రాజెక్టును రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదు మీద, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ తొలగించింది; ఫిర్యాదులో ఎత్తిచూపిన వాటిలో, దాని పరీక్షల ఫైళ్లలో ప్రసిద్ధ పాటల లంకెలు ఉండడం ఒకటి. నవంబరులో ప్రాజెక్టు తిరిగి వచ్చేనాటికి ఆ పరీక్షలను తీసివేశారు. కాబట్టి మీ పరీక్షలకు ఆట వీడియో వాడకండి; సర్వర్ ఇచ్చిన పట్టిక జవాబును కుదించి, పేర్లు, సంఖ్యలు మార్చి, ఒక నమూనా ఫైలుగా దాచి, దాని మీద పరీక్షించండి.

నెట్‌వర్క్ ట్యాబ్‌లో కనిపించిన రాకపోకలను బ్రౌజర్ దాచి ఇచ్చే హెచ్‌ఏఆర్ ఫైలును మాత్రం ఎవరికీ, ఎక్కడా పంపవద్దు. సహాయం కోరుతూ దాన్ని యథాతథంగా జతచేసేవారిని చూస్తూనే ఉన్నాను. అందులో మీ కుకీలు, టోకెన్లు, ఈమెయిల్, ఒక్కోసారి పిన్‌కోడ్ దాకా ఉంటాయి. అవసరమైన రెండు మూడు అభ్యర్థనలను కాపీ చేసి, రహస్యాలన్నీ చెరిపి, అవి మాత్రమే చూపండి. టోకెన్ పొరపాటున కమిట్‌లోకి (కోడ్ చరిత్రలో నమోదయ్యే మార్పులోకి) వెళ్లిందంటే తరువాతి కమిట్‌లో చెరపడం చాలదు, గిట్ చరిత్రలో అది నిలిచే ఉంటుంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాలనుంచి లాగౌట్ చేయండి.

ప్యాచ్ పంపేటప్పుడు దాన్ని చిన్నదిగా ఉంచండి. కోడ్ శైలి నచ్చలేదని మొత్తం తిరగరాసి పంపితే తీరిక లేని నిర్వాహకుడు దాన్ని తెరవనే తెరవడు. ఏ చిరునామా మారింది, పాత జవాబు ఎలా ఉండేది, కొత్తది ఎలా ఉంది, ఏ తేదీన ఏ ఆటతో చూశారు అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. నిర్వాహకుడు బొత్తిగా పలకకపోతే ఫోర్క్ (మీ సొంత ప్రతి) చేసుకోవచ్చు, అయితే పాత లైసెన్సు, పాత రచయితల పేర్లు అలాగే ఉండాలి. సెకనుకొకసారి సర్వర్‌ను అడిగే కోడ్ రాయవద్దు; ఎంతసేపు దాచుకోవచ్చో తరచుగా సర్వర్ తన జవాబులోనే చెబుతుంది, దాన్ని పాటించండి. క్రికెట్ సర్వీసుల విషయంలోనూ నేను చెప్పేది ఇదే. ఐపీఎల్ మీద ప్రేమ ఎంత ఉన్నా గీత అక్కడే ఉంటుంది.

ఇక ఉద్యోగం, వీసా. మీరు చేరినప్పుడు సంతకం చేసిన పత్రాల్లో, మీరు రాసేదాని హక్కులు కంపెనీవని చెప్పే భాగం ఉంటుంది, దాన్ని తీసి చదవండి. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2870 సెక్షన్ ప్రకారం సొంత సమయంలో, కంపెనీ పరికరాలు వాడకుండా చేసిన పని మీదే; కానీ అది కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే ఆ రక్షణ వర్తించదు. మీరు పనిచేసేది వీడియో ప్రసార సంస్థలోనే అయితే మేనేజరును ముందుగా లిఖితపూర్వకంగా అడగకుండా ఒక్క లైను కూడా పంపవద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఈ పని అసలే వద్దు.

జీతం లేకుండా, సరదాకు, తీరిక వేళల్లో చేసే ప్యాచ్ సాధారణంగా ఉద్యోగం కాదు. చిక్కు డబ్బుతో వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవారు పిటిషన్ వేసిన యజమాని దగ్గరే పనిచేయాలి. యాడ్-ఆన్ వాడేవారు కృతజ్ఞతతో గిట్‌హబ్ స్పాన్సర్స్ ద్వారా నెలకు ఐదు డాలర్లు పంపుతామన్నా ఆ బటన్ పెట్టకండి, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. ఎఫ్-1 విద్యార్థులు కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్‌వో) అడగాలి. ఓపీటీలో (చదువుకు సంబంధించిన ఉద్యోగానికి ఇచ్చే అనుమతి) ఉద్యోగం లేని రోజులు 90కి, సైన్స్, టెక్నాలజీ వంటి కోర్సులవారికిచ్చే స్టెమ్ పొడిగింపుతో కలిపి 150కి మించకూడదు. సొంత ఓపెన్ సోర్స్ పనితో ఆ లెక్క ఆగిపోతుందనుకుని కొందరు నిశ్చింతగా ఉంటున్నారు. స్టెమ్ పొడిగింపులో జీతం ఇచ్చే, ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదైన యజమాని, ఆయన సంతకం చేసిన ఐ-983 శిక్షణ పత్రం ఉండాలి, ఈ ప్యాచ్‌లు అందులోకి రావు. మొదటి ఏడాది ఓపీటీలో స్వచ్ఛంద సేవకు నిబంధనలు వేరు కనుక, మీ పరిస్థితిని డీఎస్‌వోకు ఈమెయిల్‌లో వివరించి, వచ్చిన జవాబును దాచుకోండి.