పెట్టిన రేటు వేరు, పోయిన రేటు వేరు

వాడిన వస్తువుల ఆన్‌లైన్ అమ్మకాలపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: వాడిన కెమెరా కొందామని వెతుకుతున్నాను. అదే మోడల్‌కు ఒకరు పెట్టిన ధర మరొకరి ధరకు దాదాపు రెట్టింపు ఉంటోంది. అన్నీ కూడి సగటు తీస్తే సరైన రేటు తెలుస్తుందా?

జవాబు: తెలియదండి. మీకు కనిపిస్తున్నవన్నీ ఇంకా అమ్ముడుపోనివి. సరైన రేటుకు పెట్టినవి ఒకట్రెండు రోజుల్లో పోతాయి, పేజీలోంచి మాయమవుతాయి. ఎక్కువ రేటు పెట్టినవి నెలల తరబడి అక్కడే ఉండిపోతాయి. అందుకే ఏ రోజు చూసినా జాబితాలో ఖరీదైనవే పోగై ఉంటాయి. ఎంతకు పెట్టారో వదిలేసి, ఎంతకు పోయిందో చూడండి.

ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో మోడల్ పేరు వెతికాక ఫిల్టర్లలో ‘సోల్డ్ ఐటమ్స్’ నొక్కితే ఇటీవల అమ్ముడైనవి మాత్రమే వస్తాయి. అక్కడే ఉండే ‘కంప్లీటెడ్ ఐటమ్స్’తో జాగ్రత్త, గడువు ముగిసినా ఎవరూ కొననివి కూడా అందులో కలిసి ఉంటాయి. ధర మీద అడ్డగీత ఉందంటే బేరమాడి అంతకంటే తక్కువకు కొన్నారని అర్థం. బేరం ఎంతకు తెగిందో అక్కడ కనిపించదు కాబట్టి ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి. మిగతావాటన్నిటికీ పోస్టేజీ కలపండి.

అలా ఏడెనిమిది అమ్మకాలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా రాయండి. కొత్త కెమెరా ధర 100 అనుకుంటే అవి 52, 55, 58, 58, 60, 61, 64, 90 వచ్చాయనుకుందాం. సగటు 62 దాటుతుంది. మధ్యలోని రెండు అంకెల నడిమి విలువ 59. ఆ 90 పేజీ తెరిచి చూస్తే సాధారణంగా కెమెరాతోపాటు లెన్సో, రెండు బ్యాటరీలో కలిపి ఇచ్చి ఉంటారు. అలాంటిది ఒక్కటి ఉన్నా సగటును పైకి లాగేస్తుంది, మధ్య విలువ మాత్రం పెద్దగా కదలదు. మీరు నమ్మాల్సింది 59నే.

అమ్ముడైన ధరలు చూపించని వేదికల్లో కొంచెం ఓపిక పట్టాలి. పది ప్రకటనలను సేవ్ చేసుకుని రెండు వారాలు గమనించండి. ఏ రేటు దగ్గరివి మాయమవుతున్నాయో, ఏవి కదలకుండా ఉన్నాయో చూస్తే అసలు ధర ఎక్కడుందో తేలుతుంది.

కెమెరా కాబట్టి ఇంకో రెండు మాటలు. డీఎస్ఎల్ఆర్ అయితే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగండి. ఎన్నిసార్లు పనిచేసేలా ఆ మోడల్ షట్టర్‌ను తయారుచేశారో కంపెనీ వివరాల్లో ఉంటే దానితో పోల్చండి. సగానికి పైగా అయిపోయినదానికి 59 ఎక్కువే. లెన్సు కూడా ఉంటే వెనుక నుంచి టార్చి వేసి తీసిన ఫొటో పంపమనండి. సాలెగూటి దారాల్లా పాకి కనిపిస్తే అది ఫంగస్. శుభ్రం చేయించినా, అది అప్పటికే లెన్సు మీది కోటింగ్‌ను (పలుచని పూతను) తినేసి ఉంటే ఆ మచ్చ పోదు.

ప్రశ్న: నేను వెతుకుతున్న ఓ పాత పుస్తకం ఒకే ఒక్కచోట ఉంది. కొత్తదాని ధరకు ముప్ఫై రెట్లు అడుగుతున్నారు. నిజంగా అంత అరుదైనదా?

జవాబు: అరుదైనదే కావచ్చు. కానీ ఆ ధర దానికి రుజువు కాదు. 2011 ఏప్రిల్‌లో అమెజాన్‌లో ఈగల మీద రాసిన ఓ జీవశాస్త్ర గ్రంథం ధర 2 కోట్ల 30 లక్షల డాలర్లు దాటింది. మైకేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త కారణం పట్టుకున్నారు. ఇద్దరు అమ్మకందారులు రేట్లు పెట్టే పనిని సాఫ్ట్‌వేర్‌కు వదిలేశారు. ఒకరిది అవతలివారి ధరను 0.9983తో గుణించి పెడుతోంది, రెండోవారిది అవతలి ధరను 1.270589తో గుణిస్తోంది. అంటే ఒక్కో చుట్టుకు ధర సుమారు 27 శాతం పెరుగుతూ పోయింది. కొనేవాళ్లెవరూ లేరు, రెండు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి చూసుకుంటూ పెంచుకుంటూ పోయాయి. రెండోవారి దగ్గర ఆ పుస్తకం ఉండకపోవచ్చని, ఆర్డరొస్తే మొదటివారి దగ్గర కొని పంపాలనుకుని ఉంటారని ఐసెన్ ఊహ.

మీరు చూసిన ప్రకటన వెనుక కూడా ఇలాంటిదే ఉండొచ్చు. ‘పుస్తకం చేతిలో ఉందా, ఈ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఫొటో పంపగలరా’ అని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి. గ్రామఫోన్ రికార్డులు, సీడీలైతే వాటి వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ప్రతి ముద్రణకూ చివరిసారి అమ్ముడైన తేదీ, కనిష్ఠ, మధ్య, గరిష్ఠ ధరలు ఉంటాయి. తేదీని తప్పక చూడండి, ఎప్పుడో ఏళ్ల కిందట పలికిన ధర ఇప్పటి రేటు కాదు.

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌ను చాలా జాగ్రత్తగా వాడాను. కొన్న ధరలో నాలుగింట మూడు వంతులకే పెట్టాను. నెలైనా ఎవరూ అడగడం లేదు. నా రేటు ఎక్కువా?

జవాబు: కాకిపిల్ల కాకికి ముద్దు. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, మనిషి స్వభావమే అంత. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులిచ్చి అమ్మమన్నారు, మిగతావారిని కొనమన్నారు. కప్పు చేతికొచ్చి కాసేపైనా కాలేదు, అమ్మేవారు అడిగిన ధర కొనేవారు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు ఉంది. మీరు రెండేళ్లు వాడారు.

కొనేవారికి మీరప్పుడు ఎంత పెట్టారన్నది అక్కర్లేదు. అదే పని చేసే కొత్త ల్యాప్‌టాప్ ఈ రోజు డిస్కౌంటు పోను ఎంతకొస్తుందో చూస్తారు. దానికి వారంటీ ఉంటుంది, మీదానికి అయిపోయి ఉంటుంది. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా చార్జ్ చేస్తే నిలిచే సామర్థ్యం రెండూ ఉంటాయి. ఆ పేజీని ఫొటోలతోపాటు పెట్టండి. బ్యాటరీ తగ్గి ఉన్నా దాచకండి, దాస్తే కొనేవారు అంతకంటే ఘోరంగా ఊహించుకుంటారు.

ఎక్కడ తేడా కొడుతోందో ప్రకటనే చెప్తుంది. చూసినవాళ్లే లేకపోతే శీర్షికలో మోడల్ నంబరు, ర్యామ్ లేవేమో చూడండి. చాలామంది చూసి ఒక్కరూ అడగకపోతే రేటే ఎక్కువ. అడిగి జారుకుంటుంటే వివరణలో లేనిదేదో మీ జవాబులో బయటపడుతోంది. రేటే కారణమైతే రోజుకింత గీరకుండా ఒకేసారి 8 నుంచి 10 శాతం తగ్గించండి.

కమీషన్ దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. చేతికి 100 రావాలి, వేదిక 12 శాతం తీసుకుంటుంది అనుకుందాం. 112కు పెడితే మీకొచ్చేది 98.56. నూటిని 0.88తో భాగించాలి, అంటే 113.64 పెట్టాలి. కొన్ని వేదికలు పోస్టేజీ మీద కూడా కమీషన్ తీసుకుంటాయి, ఈబే అందులో ఒకటి.

ప్రశ్న: ఫోన్‌కు బేరమాడితే అమ్మేవారు కోప్పడుతున్నారు. ఎంత తగ్గించి అడగొచ్చు?

జవాబు: ఇంత శాతమని నియమం లేదు. కారణం చెప్పకుండా సగానికి అడిగితే ఎవరికైనా మండుతుంది. ఇలా రాసి చూడండి: ‘నమస్తే అండీ. ఈ నెలలో ఇదే మోడల్ ఆరు అమ్ముడయ్యాయి, వాటి మధ్య ధర మీరు పెట్టినదానికి పదో వంతు తక్కువుంది. బ్యాటరీ సామర్థ్యం 79 శాతమే చూపిస్తోంది కాబట్టి అది మార్పించే ఖర్చు కూడా తీసేసి అడుగుతున్నాను. సరేనంటే ఈ రోజే తీసుకుంటానండి.’ ఐఫోన్ 14, అంతకు ముందరి మోడళ్ల బ్యాటరీ 500 పూర్తి చార్జింగుల దగ్గర మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకునేలా తయారుచేశామని యాపిలే చెప్తుంది. కాబట్టి 80 కంటే కిందికి దిగిన ఫోన్‌లో కొత్త బ్యాటరీ ఖర్చు మొత్తం తీసేయమని అడగడం న్యాయమే.

ప్రశ్న: అమ్ముడైన ధరల్లో సగానికే ఎవరైనా ఇస్తుంటే?

జవాబు: తొందరగా వదిలించుకోవాలనుకునేవారు 10, 15 శాతం తగ్గిస్తారు. సగానికి ఇస్తున్నారంటే ముందు ఫొటోలను ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూడండి, ఇంకెవరి ప్రకటనలోంచి ఎత్తుకొచ్చారో తరచుగా బయటపడుతుంది. ఫోన్ అయితే *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), పెట్టె మీది నంబరు ఒకటేనా చూడండి. పాత ఖాతా మీ ఎదుటే తీయించి, రీసెట్ చేయించాకే డబ్బివ్వండి. లేదంటే పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగే యాక్టివేషన్ లాక్ పడి ఫోన్ పనికిరాకుండా పోతుంది. డబ్బు వేదిక బయట పంపమంటే అక్కడితో ఆపేయండి, బయట చెల్లించినదానికి కొనుగోలుదారుల రక్షణ వర్తించదు.