మేయర్ లేని ఊరు

ప్రశ్న: టెక్సాస్‌లో మా అబ్బాయి లుకెన్‌బాక్ చూపించాడు. పాత కొట్టు, డాన్సు హాలు, అంతే! మేయరే లేడట. అదీ ఊరేనా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఊరేనమ్మా, కొట్టులోంచి పుట్టింది. 1849 ప్రాంతంలో జర్మన్ వలసదారులు పెట్టుకున్న దుకాణం అదంటారు. అక్కడి ఆదివాసులైన కొమాంచీ తెగవాళ్ళూ అక్కడికే బేరానికొచ్చేవారు. తర్వాత పోస్టాఫీసు వచ్చింది, పోయింది కూడా. 1970ల మొదట్లో హోండో క్రౌచ్ అనే సరదా మనిషి స్నేహితులతో కలిసి ఊరంతా కొనేశాడు! మునిసిపాలిటీగా ఎన్నడూ ఏర్పడలేదు గనుక స్థానిక రోడ్లు, షెరీఫు (అక్కడి పోలీసు అధికారి) గిలెస్పీ కౌంటీవే, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మన తండాలూ పక్క ఊరి పంచాయతీ కిందే ఉండేవిగా. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో చాలావాటికి సొంత సర్పంచులొచ్చారు. లుకెన్‌బాక్‌కి ఆ యోగం లేదు, అడిగినవాళ్ళూ లేరనుకుంటా.