సదస్సుకు వెళ్లే టీచరు సంచిలో ఏముండాలి?

ఈ నెల ప్రశ్నలు: భాషా బోధన సదస్సులు

ప్రశ్న: చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే క్లస్టర్ కాంప్లెక్స్ సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. శిక్షణలూ తప్పడం లేదు. ఇవి చాలవన్నట్టు, చదవడం రాయడం నేర్పడం మీద విజయవాడలో రెండు రోజుల సదస్సు అంటున్నారు. చేతి డబ్బు పెట్టుకుని ఎందుకు వెళ్లాలి?
– ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు), మంగళగిరి

జవాబు: శిక్షణకు మాడ్యూల్ ముందే తయారై ఉంటుంది. సాయంత్రానికి దాన్ని పూర్తి చేయించడం శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ బాధ్యత. మీ మూడో తరగతిలో ఆరుగురు పిల్లలు ఎక్కడ ఆగిపోయారో తేల్చుకునే వ్యవధి అక్కడ దొరకదు. మంచి సదస్సు నడిచేదే అలాంటి ప్రశ్నల మీద.

ఒక చిక్కు తీసుకుందాం. పిల్లవాడు వర్ణమాల గడగడా అప్పజెబుతాడు. క గుణింతం తప్పు లేకుండా రాస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం 'అత్త'ను 'అత' అంటాడు, 'పుస్తకం' 'పుసకం' అవుతుంది. చాలామంది వెంటనే మళ్లీ గుణింతాలు మొదలుపెడతారు. నెల గడిచినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం గుణింతంలో లేదు. వాడి కన్ను గీత కింద ఉన్న వత్తు మీదికి వెళ్లడం లేదు. వెళ్లినా అది ఏ అక్షరమో పోల్చుకోలేకపోతున్నాడు. చ, ట, డ వత్తులు తమ అక్షరాల్లాగే ఉంటాయి కాబట్టి త్వరగా పట్టుబడతాయి. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. అమ్మ, అన్న, అత్త, పల్లె, కొయ్య అంటూ పిల్లలకు ముందుగా ఎదురయ్యేవి మాత్రం ఇవే. అందుకే ఈ ఆరింటినీ విడిగా నేర్పాలి. వల–వల్ల, కొన–కొన్న లాంటి జతలు బోర్డు మీద పక్కపక్కన రాసి, వత్తును రంగు సుద్దతో దిద్ది, రెండు మాటలకూ అర్థం చెప్పించాలి. రోజుకు ఒక్క జత, ఐదు నిమిషాలు చాలు. ఒకే పూట ఆరు వత్తులూ చార్టు మీద పెడితే అన్నీ కలిసిపోతాయి.

ఇదే చిక్కుతో తెనాలిలోనో గుడివాడలోనో మరొకరు కుస్తీ పడుతూ ఉంటారు. ఎన్ని వారాలు పట్టిందో, ఎక్కడ బెడిసికొట్టిందో వాళ్లు చెబుతుంటే, అక్కడికక్కడే ఎదురు ప్రశ్న వేసే అవకాశం మీకు సదస్సులో ఉంటుంది. కన్నడ లిపి అమరికా ఇలాంటిదే. అక్షరాలన్నీ పట్టుబడటం మూడో తరగతి దాటాక కూడా కొనసాగుతుందని కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. 26 అక్షరాల ఇంగ్లీషు మీద తయారైన పద్ధతులను తెలుగుకు యథాతథంగా తేకూడదని ఇలాంటి చోటే అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. రాష్ట్ర, జాతీయ, అంతర్జాతీయ స్థాయి వర్క్‌షాపులను కూడా అందులో ప్రస్తావించింది.

ప్రశ్న: మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 పదాలు చదవాలంటున్నారు. తెలుగులో అది సాధ్యమా? సదస్సులో దీన్ని అడగవచ్చా?
– ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, తాడేపల్లి

జవాబు: తప్పకుండా అడగండి. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పునాది స్థాయిలో నేర్పడానికి కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి కనీసం 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఇక్కడ చూడాల్సింది పదం పొడవు. 'చదువుకుంటున్నాడు' తెలుగులో ఒకే పదం, ఏడు అక్షరాలు. ఇంగ్లీషులో అది మూడు పదాలు. అందుకే ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) 2022లో మూడో తరగతి మీద జరిపిన అధ్యయనంలో 20 భాషలకు ధారాళంగా చదవడంలో వేర్వేరు ప్రమాణాలు పెట్టారు.

అయితే ఊరికే అడిగితే ఊకదంపుడు జవాబే వస్తుంది. మీ పిల్లల రికార్డు చేతిలో పెట్టుకుని అడగండి. తరగతిలో బాగా చదివేవాళ్లు ఇద్దరు, మధ్యస్థంగా ఇద్దరు, వెనుకబడినవాళ్లు ఇద్దరు, మొత్తం ఆరుగురిని తీసుకోండి. వాళ్లు ఎన్నడూ చూడని, 80 నుంచి 100 మాటలున్న కథ ఎంచుకోండి. పాఠ్యపుస్తకంలోది వద్దు, సగం మంది దాన్ని కంఠస్థం చేసి ఉంటారు. పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చదివించండి, అందరి ముందూ నిలబెడితే గొంతు పెగలదు. ఫోనులో ఒక నిమిషానికి టైమరు పెట్టండి. నిమిషం కాగానే చదువుతున్న మాట దగ్గర గీత గీసి, కథ పూర్తి చేయనివ్వండి. మధ్యలో సరిదిద్దవద్దు. మీ దగ్గరున్న కాగితం మీద తప్పులకు గుర్తులు పెట్టండి: వత్తు వదిలితే 'వ', దీర్ఘం పోతే 'దీ', మాటే మారిస్తే పలికిన మాట. చివర్లో నాలుగు ప్రశ్నలు, అందులో ఒక్కటైనా 'ఎందుకు' అనేది ఉండాలి.

నూటికి 95 మాటలు సరిగ్గా వస్తే ఆ కథ పిల్ల సొంతంగా చదువుకోగలదు. 90 నుంచి 94 అయితే టీచరు పక్కనుండాలి. అంతకు తక్కువైతే ఆ కథ ఇప్పటికి బరువు, తేలికది ఇవ్వాలి. వేగం బాగుండి జవాబులు రాని పిల్ల సంగతి వేరు. ఆమెకు కావలసింది కథ గురించి మాట్లాడించడం, ఇంకా వేగంగా చదివించడం కాదు.

ఆరు కాగితాలు, మూడు నోటు పుస్తకాల పేజీల ఫొటోలు, ఒక వాక్యంలో రాసుకున్న ఒకే ప్రశ్న. సంచిలో ఇవి ఉంటే చాలు. ఫొటోల్లో పిల్లల పేర్లు, ముఖాలు కనబడకూడదు.

ప్రశ్న: సర్టిఫికెట్ ఇస్తామంటూ రోజూ వాట్సాప్‌లో ఏదో ఒక సదస్సు ప్రకటన వస్తోంది. మంచిదేదో ఎలా తెలుస్తుంది?
– తెలుగు స్కూల్ అసిస్టెంట్, పటమట

జవాబు: డబ్బు కట్టేముందు కార్యక్రమ పత్రం అడగండి. ఎవరు, ఏ గంటకు, దేని మీద మాట్లాడతారో లేకపోతే ఆగిపోండి. ఉదయమంతా ప్రారంభోత్సవం, సన్మానాలు ఉండి, పత్ర సమర్పణకు మనిషికి ఐదు నిమిషాలు ఇచ్చారంటే అక్కడ చర్చ జరగదు. సమర్పణకు 15 నిమిషాలు, ప్రశ్నలకు కనీసం ఐదు నిమిషాలు ఉండాలి. తరగతిలో పనిచేసే టీచర్లు వక్తల్లో ఎంతమంది ఉన్నారో చూడండి. హాజరు కాకపోయినా సర్టిఫికెట్ పంపుతామనేవాళ్ల జోలికి పోవద్దు. ఒకే సమయానికి రెండు గదుల్లో సమావేశాలుంటే, మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నదానికి వెళ్లండి, వక్త పేరును బట్టి ఎంచుకోవద్దు.

ప్రశ్న: సదస్సుకు వెళ్లే రోజులకు ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే పనిలో ఉన్నట్టు లెక్క) దొరుకుతుందా?
– ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు, పెదకాకాని మండలం

జవాబు: అది అధికారి నిర్ణయం. ఆహ్వాన పత్రం, కార్యక్రమ పత్రం జతచేసి కనీసం పది రోజుల ముందు ఎంఈఓకు (మండల విద్యాధికారికి) దరఖాస్తు ఇవ్వండి. బడి మూతపడకుండా క్లస్టర్ బడులకు తిరిగే టీచరు సీఆర్ఎంటీనో, క్లస్టర్‌లోని మరో టీచరునో సర్దుబాటు చేయమని అందులోనే రాయండి. అనుమతి లేకుండా వెళ్లి, తర్వాత ఓడీ అడిగితే చిక్కు. అనుమతి రాకపోతే సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టుకోవడమే మార్గం.

ప్రశ్న: మా ప్రైవేటు స్కూల్లో ఒక్కరినే పంపుతామన్నారు. తిరిగొచ్చాక మిగతావాళ్లకు ఎలా అందించాలి?
– ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: విన్నవన్నీ స్టాఫ్ మీటింగులో ఏకరువు పెట్టకండి. రెండు రోజుల్లో పది కొత్త సంగతులు వింటారు. పదీ ఒకేసారి మొదలుపెట్టిన బడిలో నెల తిరిగేసరికి ఒక్కటీ మిగలదు. ఒక్కటే ఎంచుకోండి. ఉదాహరణకు మొదటి జవాబులో చెప్పిన వత్తుల జతలు. తిరిగొచ్చిన వారంలోనే, రెండో జవాబులో చెప్పినట్టు ఆరుగురిని చదివించి తప్పులు లెక్కపెట్టండి. ఆరు వారాలు రోజూ ఐదు నిమిషాలు చేయించి, అంతే కష్టమున్న వేరే కథతో ఇంకోసారి లెక్కపెట్టండి. మీరు చేయిస్తుండగా ఒక పూట తోటి టీచర్లను వచ్చి తరగతి వెనక కూర్చోమనండి. తప్పులు తగ్గినా తగ్గకపోయినా ఆ రెండు లెక్కలూ రాసిపెట్టండి. వచ్చే సదస్సుకు పత్రం పంపాలంటే ఎవరికి, ఏం చేశారు, ఎన్నాళ్లు, ఏం మారింది, ఏం మారలేదు అన్నవి సుమారు 250 మాటల్లో రాస్తే సంగ్రహం తయారవుతుంది. పిల్లల పని చూపించడానికి హెచ్ఎం అనుమతి మాత్రం ముందే రాతపూర్వకంగా తీసుకోండి.